విడదీసిన చేయి ఎవరిది? తెలుగు నవలలో తల్లీబిడ్డల ఎడబాటు

తల్లీబిడ్డల ఎడబాటు తెలుగు నవలకు తొలినాళ్ళ నుంచీ తెలిసిన వస్తువే అయినా, దాన్ని చూసిన చూపు మాత్రం చాలాకాలం ఒకే దిక్కున నిలిచిపోయింది. బిడ్డ తల్లికి దూరమైన కథ చెప్పినప్పుడల్లా రచయిత అడిగిన ప్రశ్న ఈ తల్లి ఎందుకు వెళ్ళిపోయింది అన్నదో, ఈ తల్లి ఎంత త్యాగం చేసింది అన్నదో అయింది తప్ప, వాళ్ళిద్దరినీ విడదీసిన చేయి ఎవరిది, ఆ చేతికి బలం కులం నుంచి వచ్చిందా, చట్టం నుంచి వచ్చిందా, అప్పు నుంచి వచ్చిందా, ఉద్యమ నియమం నుంచి వచ్చిందా అన్న విచారణ నవలలో అరుదుగానే సాగింది. ఆ విచారణను నవలకు ఇరుగుపొరుగున ఉన్న ప్రక్రియలు, అంటే ఆత్మకథ, మౌఖిక చరిత్ర, కథానిక, ఎక్కువ నిజాయితీతో చేశాయి. ఈ తేడా ఎలా ఏర్పడిందో తెలుసుకోవడానికి నవలలను మాత్రమే చదివితే చాలదు. బిడ్డలు నిజంగా ఎక్కడ, ఎవరి ద్వారా తల్లులకు దూరమవుతున్నారో కూడా చూడవలసి ఉంటుంది. అందుకు సికింద్రాబాద్ కంటే తగిన చోటు తెలుగునాట దొరకడం కష్టం. నిజాం సికందర్ జా పేరు మీద 1806లో వెలిసిన ఈ దండు ఊరు సిపాయిల బదిలీలతో, 1874లో మొదలైన రైల్వే స్టేషన్‌తో, పని వెతుక్కుంటూ దిగే వలస కుటుంబాలతో, ఇంటి నుంచి పారిపోయి ప్లాట్‌ఫారం మీద తేలే పిల్లలతో, ఇటీవల కాలంలో వీధివీధినా వెలసిన సంతాన సాఫల్య కేంద్రాలతో, కుటుంబాలు కలిసే చోటుగానూ విడిపోయే చోటుగానూ రెండు వందల ఏళ్ళకు పైబడి బతుకుతూ వస్తోంది.

పురాణ వారసత్వాన్ని కొద్దిగా తలచుకోకుండా ఈ చర్చ సాగదు. పెళ్లికి ముందు పుట్టిన కొడుకును పెట్టెలో పెట్టి నదిలో వదిలిన కుంతి, చెరసాలలో కని పొరుగు పల్లెకు పంపుకున్న దేవకి, అడవిలో ఒంటరిగా ఇద్దరిని పెంచి చివరకు తండ్రికి అప్పగించి భూమిలోకి వెళ్ళిపోయిన సీత, ముగ్గురూ తెలుగు పాఠకుడి మనసులో ముందే కూర్చుని ఉన్న మూర్తులు. పోతన భాగవతం చదివి పెరిగిన సమాజం పెంచిన తల్లి యశోదను గుండెకు హత్తుకున్నంతగా కన్నతల్లి దేవకిని హత్తుకోలేదన్నది గమనించదగిన విషయం; దేవకి బాధ కథకు కారణంగా పనికివచ్చింది కానీ కథగా మారలేదు. కుంతి విషయంలోనూ అంతే. ఆమె భయానికి మూలమైన సమాజ నియమాన్ని ఎవరూ నిలదీయలేదు, నింద మాత్రం ఆమెకే మిగిలింది. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఓల్గా ‘విముక్త’ కథలు ఈ లోటును కొంత పూడ్చాయి. తండ్రి ఆజ్ఞ మీద కన్నతల్లిపైనే గొడ్డలి ఎత్తిన కొడుకు ఉన్న రేణుక, అడవిలో సీతతో మాట్లాడే సన్నివేశాన్ని కల్పించి, మాతృత్వం అన్నది పితృస్వామ్యపు చేతిలో ఎలాంటి పనిముట్టు అవుతుందో ఆ రచయిత్రి చర్చకు పెట్టారు. పితృస్వామ్యం అంటే ఇంట్లో తండ్రి పెద్దరికం ఒక్కటే కాదు. ఇంటిపేరు, ఆస్తి, వంశం, కర్మకాండ అన్నీ మగవాడి వరసలోనే నడవాలని నిర్ణయించే ఏర్పాటు మొత్తం.

ఆధునిక నవలలో ఈ విషయం తొలిసారి నిప్పులా తగిలింది చలం చేతిలో. 1927 నాటి ‘మైదానం’లో రాజేశ్వరి వదిలి వెళ్ళింది భర్తను మాత్రమే, ఆమెకు అప్పటికి బిడ్డలు లేరు, అయితే ఆమె స్వేచ్ఛ పరిమితి ఎక్కడ ఉందో బయటపడేది ఆమె గర్భవతి అయినప్పుడే. బిడ్డ వద్దన్నది అమీర్ పట్టుదల. సంఘాన్ని కాదని వచ్చిన ప్రేమలో కూడా బిడ్డ పుట్టాలా వద్దా అన్న నిర్ణయం మగవాడి చేతిలోనే ఉండిపోవడాన్ని చలం చూపించాడు కానీ, విమర్శకులు దశాబ్దాల పాటు లేచిపోవడం గురించి వాదించుకుంటూ ఈ ఘట్టాన్ని దాదాపు దాటేశారు. రెండు దశాబ్దాల తర్వాత బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ అద్దాన్ని తిప్పి పట్టింది. అక్కడ తల్లి ఉన్నా లేకపోయినా ఒకటే, ఆమె మీద లోకం వేసిన అపవాదు మాత్రం కొడుకు దయానిధి వెంట ఊరూరా నడుస్తుంది. అతని చదువు, వైద్యవృత్తి, ప్రేమ, పెళ్లి అన్నీ ఆ నీడలోనే జరుగుతాయి. బిడ్డ వైపు నుంచి తల్లిని చూసిన తొలి గొప్ప తెలుగు నవల ఇదే. అయినా ఆ చూపులో తల్లి ఒక చిక్కుప్రశ్నగానే ఉంది. ఆమె తన మాటగా చెప్పుకున్నది నవలలో వెతికినా దొరకదు.

1960, 70 దశకాలలో వారపత్రికల సీరియళ్లు రచయిత్రులకు, పాఠకురాళ్లకు కొత్త ద్వారాలు తెరిచాయి. అద్దె పుస్తకాల దుకాణాల నుంచి ఇంటింటికీ తిరిగిన ఆ నవలల్లో తప్పిపోయిన బిడ్డ, మార్పిడి అయిన బిడ్డ, పుట్టుమచ్చతో గుర్తుపట్టిన బిడ్డ కథను నడిపే మరమేకులు. సినిమా వాటిని మరింత బిగించింది. వీటి గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు, ఎందుకంటే వాటిలో ఎడబాటు చివరి అధ్యాయపు కలయిక కోసం పుట్టిందే తప్ప దాని సొంత బరువుతో నిలబడలేదు. ఈ వరదకు ఎదురు నిలిచిన పేర్లలో రంగనాయకమ్మది మొదటిది. ‘బలిపీఠం’లో కులాంతర వివాహం చేసుకున్న భాస్కర్, అరుణల సంసారం విరిగిపోయిన తీరు చెబుతూ, కులం పెళ్లిని ఒప్పుకున్నట్టే నటించి లోలోపల ఇంటిని ఎలా కొరుకుతుందో ఆమె నిర్మొహమాటంగా రాశారు. అరుణ పాత్ర మీద రచయిత్రి కోపం కొన్నిచోట్ల కథను మించిపోతుంది నిజమే, కానీ విడదీసిన శక్తికి ఆమె పేరు పెట్టారు.

వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’ ఇంకా క్లిష్టమైన ఉదాహరణ, అందుకే దాని దగ్గర కాస్త ఆగాలి. భూమిని నమ్ముకున్న రైతు సాంబయ్య, పట్నం వెళ్ళిన కొడుకు వెంకటపతి, పట్నపు జీవితం కోరుకున్న కోడలు వరూధిని, వాళ్ళ బిడ్డ రవి: మూడు తరాల ఈ కథలో వరూధిని తన కోరికల వెంట వెళ్ళి మోసపోయి ప్రాణం తీసుకుంటుంది, పసివాడు తాత దగ్గరకు, తాత ద్వారా మట్టి దగ్గరకు చేరతాడు. రైతు జీవితం గురించి, భూమి చేతులు మారే క్రమం గురించి ఈ నవలకు ఉన్న అవగాహన సాటిలేనిది. విమర్శకులు దాన్ని మెచ్చుకోవడంలో అతిశయోక్తి లేదు. అయితే తల్లీబిడ్డల కోణం నుంచి చదివితే వేరొక ముగింపు కనిపిస్తుంది. బిడ్డను నేలకు తిరిగి ఇవ్వడానికి కథ తల్లిని తొలగించవలసి వచ్చింది. మనవడు తాత చేతిలో పడడం న్యాయమన్న భావన పాఠకుడిలో కలగాలంటే తల్లి ముందుగా అనర్హురాలని తేలిపోవాలి. నవల ఆ పని చాలా నైపుణ్యంతో చేసింది. కోర్టులో కొడుకు బిడ్డ మాకే చెందాలని వాదించే తాతల తరఫు వకీళ్ళు చెప్పే కథకూ, ఈ గొప్ప నవల చెప్పే కథకూ నిర్మాణంలో పోలిక ఉండడం ఆ కాలపు రచయితల ఊహ ఎక్కడ ఆగిపోయిందో చెబుతుంది.

1987లో వచ్చిన ఓల్గా ‘స్వేచ్ఛ’ ఈ నిర్మాణాన్ని బద్దలు కొట్టింది. ప్రేమించి పెళ్లి చేసుకున్న అరుణ, తల్లి అయిన తర్వాత కూడా, తన బతుకు తాను బతకడానికి ఇల్లు విడిచి బయటకు నడుస్తుంది. కథ ఆమెను అందుకు శిక్షించదు. ఆ నవల మీద చెలరేగిన చర్చలో భర్తను ఎందుకు వదిలింది అన్న ప్రశ్న కంటే బిడ్డ సంగతి ఏమిటి అన్న ప్రశ్నే ఎక్కువ చిచ్చు రేపింది, ఉద్యోగరీత్యా ఏళ్ళ తరబడి దేశాంతరాల్లో ఉండే తండ్రిని ఆ ప్రశ్న అడగని సమాజంలోనే. ‘స్వేచ్ఛ’ బలహీనత వేరే చోట ఉంది: తల్లి నిర్ణయానికి ఉన్న తర్కాన్ని అది వివరంగా నిర్మించింది కానీ బిడ్డకు గొంతు ఇవ్వలేదు. ఆ పని చాలా ఏళ్ళ తర్వాత పి. సత్యవతి కథ ‘దమయంతి కూతురు’ చేసింది. ఇల్లు విడిచి వెళ్ళిపోయిన తల్లి కూతురిగా లోకం ముద్రవేసిన అమ్మాయి కోణం నుంచి నడిచే ఆ కథ, నిందకు గానీ క్షమకు గానీ తొందరపడకుండా, తల్లిని ఒక మనిషిగా అర్థం చేసుకోవడానికి కూతురికి ఎంత కాలం, ఎంత ఒంటరితనం పడుతుందో చూపిస్తుంది. బుచ్చిబాబు దయానిధి జీవితమంతా తిరిగినా చేరలేని చోటికి ఈ అమ్మాయి కొద్ది పుటలలో చేరుకోగలిగిందంటే, మధ్యలో నడిచిన స్త్రీవాద ఉద్యమమే కారణం.

నవల తడబడిన చోట సాక్ష్యం నిలబడింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను సేకరించి హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలుగులో మౌఖిక చరిత్రకు తొలి పెద్ద ప్రయత్నం. మౌఖిక చరిత్ర అంటే దస్తావేజుల్లో పేరు లేని మనుషుల నోటి మాటను విని, నమోదు చేసి, చరిత్రకు ఆధారంగా నిలిపే పద్ధతి. ఆ పుస్తకంలో కమలమ్మ చెప్పిన భాగం చదివాక పోరాట నవలలు కొన్ని పలచగా కనిపిస్తాయి. అడవిలో దళంతో ఉన్నప్పుడు పసిబిడ్డ ఏడుపు అందరి ప్రాణాలకూ ముప్పు అన్న మాట ముందుకు వచ్చి, బిడ్డనైనా వదులుకోవాలి, దళాన్నైనా వదులుకోవాలి అన్న స్థితిలో ఆమె బిడ్డను ఇతరుల చేతిలో పెట్టారు. దశాబ్దాల తర్వాత కూడా ఆ జ్ఞాపకంలో గర్వమూ గాయమూ విడివిడిగా దొరకవు. పోరాటం విరమించాక స్త్రీలను తిరిగి వంటింటికి వెళ్ళమన్న కమ్యూనిస్టు పార్టీ ఆ బిడ్డల లెక్క అడగలేదు. మక్సీం గోర్కీ ‘అమ్మ’ తెలుగు అనువాదాన్ని తరతరాలుగా కార్యకర్తల చేతుల్లో పెట్టిన ఉద్యమం, కొడుకు బాటలో నడిచిన తల్లిని ఆదర్శంగా నిలిపింది. ఉద్యమం కోసం కొడుకును వదిలిన తల్లికి మాత్రం తన సాహిత్యంలో అంతటి చోటు ఇవ్వలేదు.

కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురణగా వెలువడినప్పుడు ఆమె తొంభై ఏళ్ళు దాటారు. బాల్యంలోనే వితంతువై, సంస్కరణ భావాల వాతావరణంలో కొండపల్లి సీతారామయ్యను పెళ్లాడి, కమ్యూనిస్టు ఉద్యమంలో పాటలు పాడి, 1940ల చివర అజ్ఞాతవాసంలో పిల్లలను తన తల్లి దగ్గర వదిలి డెన్‌లలో, అంటే రహస్య స్థావరాల్లో, కాలం గడిపి, ఆ తర్వాత భర్త వేరైపోతే హైదరాబాద్‌లోని ఆంధ్ర మహిళా సభలో చేరి నడివయసులో చదువుకుని, కాకినాడలో విద్యార్థినుల హాస్టల్‌లో ఉద్యోగం చేసిన జీవితం అది. కొడుకును విప్లవోద్యమంలో కోల్పోయారు, కూతురూ ఆమె కళ్ళ ముందే వెళ్ళిపోయింది, మనవరాళ్ళను చూసుకునే బాధ్యత మళ్ళీ ఆమె మీద పడింది. ఇంత దుఃఖం ఉన్న పుస్తకంలో ఎవరినీ బోనులో నిలబెట్టే ధోరణి లేకపోవడం కొందరు పాఠకులకు నిరాశ కలిగించింది, అయితే ఆ సంయమనమే దాని బలం: ఎడబాటు ఒక్కసారి జరిగిపోయే సంఘటన కాదు, అజ్ఞాతవాసం, దాంపత్యం విరగడం, ఆర్థిక ఆధారం లేకపోవడం, పిల్లలు తండ్రి రాజకీయాల వైపు లాగబడడం ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ ఏళ్ళ తరబడి సాగే క్రమమని ఆ పుస్తకం తెలిపినంత స్పష్టంగా ఏ తెలుగు నవలా తెలపలేదు. ఆమె తల్లి, ఆమె, ఆమె కూతురు, మనవరాళ్ళు అనే నాలుగు తరాల స్త్రీలు ఒకరి బిడ్డలను ఒకరు పెంచుకుంటూ రావడం అందులో ఎవరూ గొప్పగా చెప్పుకోని అసలు కథ.

ఇక్కడి దాకా చెప్పిన తల్లులలో ఎక్కువమందికి వెళ్ళడమో ఉండడమో, ఎంత ఇరుకైనదైనా, ఒక ఎంపిక ఉంది. దళిత, తెలంగాణ సాహిత్యం ఆ ఎంపిక కూడా లేని చోటును చూపించింది. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నిజాం కాలపు గడీని, అంటే దొర కోటలాంటి ఇంటిని, కళ్ళకు కడుతూ అందులోని ఆడబాపల బతుకును వనజ పాత్ర ద్వారా ముందుకు తెచ్చింది. ఆడబాప అంటే దొర కూతురికి పెళ్లి చేసినప్పుడు సారెసామాన్లతో పాటు ఆమె వెంట పంపే దాసి పిల్ల. ఆ పిల్లకు తల్లి ఇల్లు అన్నది ఆ రోజుతో ముగిసిపోతుంది, ఆమె కన్న బిడ్డకు తండ్రి పేరు ఉండదు, ఆ బిడ్డ కూడా గడీ ఆస్తే అవుతుంది. తల్లి నుంచి బిడ్డను విడదీయడం ఇక్కడ పాపమో ప్రమాదమో కాదు, ఆస్తి బదిలీ. జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ 2000లో వచ్చి ఈ అవగాహనను వందేళ్ళకు పైబడిన కాలానికి విస్తరించింది. రూతు జ్ఞాపకంగా సాగే ఆ నవలలో కరువు, వలస, వెలి, మతాంతరం ప్రతి తరంలోనూ ఇంటిని చీలుస్తాయి. తల్లిదండ్రులు లేకుండా చర్చి నీడన పెరిగిన రూబేను తన పూర్వీకుల కథను ముక్కలు ముక్కలుగా పోగుచేసుకుంటాడు. అందులో వంశవృక్షమే తెగిపోయిన వస్తువు, నవల రాయడమంటే దాన్ని అతకడం. విడదీసినదెవరన్న ప్రశ్నకు ఏ తడబాటూ లేకుండా జవాబు చెప్పిన తెలుగు నవల ఏదని అడిగితే దీని పేరే ముందు చెప్పవలసి ఉంటుంది.

గోగు శ్యామల ‘ఏనుగంత తండ్రి కన్నా ఏకుల బుట్టంత తల్లి నయం’ సంపుటి ఇంకో మెలికను చూపించింది. ఒక కథలో కూతురిని జోగినిగా మార్చాలని ఊరి పెద్దలు పట్టుబడతారు. జోగిని అంటే దేవత పేరున విడిచిపెట్టి, ఊరి మగవాళ్ళకు లొంగి ఉండవలసిన స్థితికి నెట్టే ఆచారానికి బలైన దళిత స్త్రీ. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం దీన్ని నేరంగా ప్రకటించింది. ఆ కథలోని తండ్రి దెబ్బలు తిని, భూమి పోగొట్టుకుని, బిడ్డను పట్నంలోని హాస్టల్‌లో చేరుస్తాడు. ఇంటి నుంచి దూరం చేయడమే ఇక్కడ బిడ్డను కాపాడడం. ఈ తలకిందుల సత్యాన్ని సికింద్రాబాద్ బాగా ఎరుగును. మారేడ్‌పల్లిలో కార్యాలయం ఉన్న మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990ల నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వెట్టికి, పశువులు కాయడానికి, పత్తి విత్తన చేలల్లో కూలికి పోయే పిల్లలను తీసుకువచ్చి, మధ్యలో వదిలేసిన లేదా అసలు మొదలే పెట్టని చదువును అందించి తిరిగి బడిలో చేర్చే శిబిరాలను నడిపింది. దానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది, 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల సంఘానికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. పేద తల్లిదండ్రులు బిడ్డ కూలి మీద ఆధారపడతారు కనుక చదువుకు పంపరన్న మాటను ఆ సంస్థ అనుభవం తప్పని నిరూపించింది. నెలల తరబడి బిడ్డకు దూరంగా ఉండడానికి ఒప్పుకున్న తల్లులు వేల సంఖ్యలో ఉన్నారు. నవలలో త్యాగమూర్తిగా మొక్కులందుకున్న తల్లి కంటే వీరి నిర్ణయంలో ఆలోచన ఎక్కువ, కన్నీరు తక్కువ. బహుశా అందుకే వీరి మీద నవలలు తక్కువ.

చట్టం ఈ చర్చలో పాత్రగా ప్రవేశించేది ఇక్కడే. 1890 నాటి సంరక్షకుల చట్టం బిడ్డ మేలును కొలబద్దగా పెట్టింది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఐదేళ్ళలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటూనే సహజ సంరక్షకుడు తండ్రి, అతని తర్వాతే తల్లి అని రాసింది. సహజ సంరక్షకుడు అంటే కోర్టు నియమించనక్కర లేకుండానే బిడ్డ శరీరం మీద, ఆస్తి మీద అధికారం ఉన్నవాడు. బిడ్డకు అన్నం పెట్టే చేయి ఒకరిది, సంతకం పెట్టే చేయి మరొకరిది కావడం ఈ ఏర్పాటు ఫలితం. దీన్ని సవాలు చేసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళినది ఒక నవలా రచయిత్రి కావడం విశేషం: కొడుకు పేరున బాండ్లకు దరఖాస్తు చేస్తే తండ్రి సంతకం కావాలని రిజర్వ్ బ్యాంకు అడిగినందుకు గీతా హరిహరన్ వేసిన కేసులో, తండ్రి తర్వాత అన్న మాటకు తండ్రి చనిపోయాక అని కాకుండా తండ్రి అందుబాటులో లేనప్పుడు, పట్టించుకోనప్పుడు అని అర్థం చెప్పుకోవాలని 1999లో కోర్టు తీర్పు ఇచ్చింది. 2022 జులైలో తెలుగు కుటుంబం ఒకటి ఇదే కోర్టు ముందు నిలిచింది. భర్త చనిపోయి పసిబిడ్డతో మిగిలిన స్త్రీ మళ్ళీ పెళ్లి చేసుకుంది. మనవడి సంరక్షణ కోసం మొదటి భర్త తల్లిదండ్రులు వేసిన కేసులో, బిడ్డకు పాత ఇంటిపేరే పెట్టాలని, రికార్డుల్లో రెండో భర్తను సవతి తండ్రిగా చూపాలని హైకోర్టు ఆదేశించింది. సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేస్తూ, బిడ్డకు బతికి ఉన్న ఏకైక సహజ సంరక్షకురాలిగా ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనని తేల్చింది. ‘మట్టిమనిషి’ వచ్చిన కాలంలో ఇలాంటి తీర్పు వచ్చి ఉంటే సాంబయ్య మనవడి కథ ఎలా నడిచేదన్నది సరదాకు వేసుకోదగిన ప్రశ్నే అయినా, దానికి జవాబు అంత తేలిక కాదు.

దత్తత దగ్గర ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. 1999 నుంచి 2001 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బయటపడిన దత్తత కుంభకోణాల్లో, నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు తీసుకుని, హైదరాబాద్‌లోని కొన్ని సంస్థల ద్వారా విదేశీ దంపతులకు ఇస్తున్నారని తేలింది. పత్రికలు అప్పట్లో బిడ్డలను అమ్ముకునే తల్లులు అన్న శీర్షికలతో తండాలను వర్ణించాయి; కొన్న చేయి, సంతకాలు చేయించిన చేయి, వీసా ఇప్పించిన చేయి శీర్షికలకు ఎక్కలేదు. గీతా రామస్వామి వంటి కార్యకర్తలు సాగించిన పోరాటం ఆ దృష్టిని మళ్ళించడానికి ప్రయత్నించింది, 2001లో రాష్ట్ర ప్రభుత్వం పేదరికం కారణంగా బిడ్డను వదులుకునే పద్ధతిపై ఆంక్షలు పెట్టింది. చలం కాలం నుంచి నవల అడుగుతూ వచ్చిన ప్రశ్ననే వార్తాపత్రికా అడిగిందన్నమాట: తల్లి ఎందుకు ఇలా చేసింది?

ఈ నేపథ్యంలో, హైదరాబాద్‌లో చదువుకుని విదేశాల్లో స్థిరపడి ఇంగ్లీషులో రాస్తున్న అమూల్య మల్లాది 2016లో వెలువరించిన ‘ఎ హౌస్ ఫర్ హ్యాపీ మదర్స్’ తెలుగువారి కథగా శ్రద్ధతో చదవదగినది. అమెరికాలో సిలికాన్ వ్యాలీలో ఉద్యోగం చేసుకుంటూ పదే పదే గర్భం నిలవక కుంగిపోయిన ప్రియ, ఆమె భర్త మధు ఒకవైపు. తెలివైన కొడుకును మంచి బడిలో చేర్చాలన్న కోరికతో, అంతకుముందే ఆ దారిలో వెళ్ళి వచ్చిన తోడికోడలిని చూసి, వారి బిడ్డను మోయడానికి ఒప్పుకున్న పల్లెటూరి ఆశ మరోవైపు. సరొగసీ లేదా అద్దె గర్భం అంటే దంపతుల అండంతో, వీర్యంతో రూపొందించిన పిండాన్ని మరొక స్త్రీ గర్భాశయంలో ఉంచి, ఆమె కన్న బిడ్డను ఆ దంపతులకు అప్పగించే పద్ధతి. అధ్యాయాలు ఇద్దరు స్త్రీల మధ్య మారుతూ సాగడం వల్ల ఎవరినీ దుర్మార్గురాలిగా చూపే అవకాశం నవలకు లేకుండా పోయింది, అది దాని మర్యాద. అందరి మంచితనాన్నీ కాపాడాలన్న తాపత్రయం కూడా ఎక్కువే, అది దాని లోపం. డాక్టరమ్మ నడిపే వ్యాపారం లెక్కలు పాఠకుడికి కనిపించవలసినంతగా కనిపించవు. అయినా ఒక విషయంలో ఈ నవల మిగతావాటి కంటే లోతుకు వెళ్ళింది. నెలలు నిండే కాలంలో ఆశ సొంత ఇల్లు, పిల్లలను వదిలి గర్భం మోసే స్త్రీలను ఉంచే వసతిగృహంలో ఉండవలసి వస్తుంది. పుట్టబోయే పరాయి బిడ్డతో ఎడబాటుకు సిద్ధపడడానికి ముందు, పుట్టిన సొంత బిడ్డలతో ఎడబాటును ఆమె అనుభవించాలి. కొడుకు చదువు కోసం చేస్తున్న పనే కొడుకును ఆమెకు దూరం చేస్తుంది. ఒప్పందంలో మొదటిదానికే ధర ఉంది, రెండోది ఎవరి లెక్కలోనూ లేదు.

ఆ నవల వచ్చేనాటికి భారతదేశం విదేశీయులకు సరొగసీని ఆపేసింది. 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చిన 2021 నాటి సరొగసీ చట్టం డబ్బు తీసుకుని గర్భం మోయడాన్ని పూర్తిగా నిషేధించి, వైద్య ఖర్చులు, బీమా తప్ప మరేమీ ఇవ్వకూడదని, గర్భం మోసే స్త్రీ 25 నుంచి 35 ఏళ్ళ మధ్య వయసులో సొంత బిడ్డ ఉన్న వివాహిత అయి ఉండాలని, జీవితంలో ఒక్కసారే ఆ పని చేయాలని నిర్ణయించింది. డబ్బును తీసేస్తే దోపిడీ పోతుందన్నది చట్టం నమ్మకం. 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసు ఆ నమ్మకాన్ని గట్టిగా కుదిపింది. సరొగసీ ద్వారా మీ బిడ్డే పుట్టిందని చెప్పి ఒక సంతాన సాఫల్య కేంద్రం దంపతుల చేతిలో శిశువును పెట్టి లక్షల రూపాయలు తీసుకుందని, డీఎన్ఏ పరీక్షలో ఆ శిశువుకు వారితో రక్తసంబంధం లేదని తేలిందని, నిజానికి సరొగసీ అన్నదే జరగకుండా వేరొక పేద కుటుంబం నుంచి శిశువును కొని అప్పగించారని పోలీసులు ఆరోపించారు. నేరం రుజువు కావడం, కాకపోవడం కోర్టు తేల్చవలసిన విషయం. సాహిత్య విద్యార్థి దృష్టికి మాత్రం ఇక్కడ రెండు పాత కథలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం కనిపిస్తుంది: 2001 నాటి తండా దత్తత కొత్త వైద్య పరిభాషను తొడుక్కుని తిరిగి వచ్చింది, సీరియల్ నవలల బిడ్డల మార్పిడి పుట్టుమచ్చకు బదులు డీఎన్ఏ నివేదికతో నిజమైంది. ఇద్దరు తల్లులు నష్టపోయారు, వాళ్ళు ఒకరినొకరు చూసుకోనైనా లేదు.

మల్లాది నవలలో ప్రియ, ఆశ ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకోగలిగారు కనుక వాళ్ళ కథ నవల అయింది. సికింద్రాబాద్ కేసులోని ఇద్దరు తల్లుల మధ్య దళారులు, ఆసుపత్రి కాగితాలు, వేరే భాష, వేరే రాష్ట్రం ఉన్నాయి. ఈ కథ చెప్పాలంటే రెండు కోణాలు చాలవు, కాగితానికి కూడా ఒక అధ్యాయం కావాలి. అలాంటి కాగితం ఒకటి 2015 నాటి బాలల న్యాయ చట్టంలో సిద్ధంగా ఉంది. బిడ్డను పెంచలేనని తల్లి గానీ తండ్రి గానీ బాలల సంక్షేమ సమితి ముందు అప్పగింత పత్రం మీద సంతకం చేస్తే, మనసు మార్చుకుని బిడ్డను వెనక్కు తీసుకోవడానికి చట్టం రెండు నెలల గడువు ఇస్తుంది. ఆ అరవై రోజులూ బిడ్డ ప్రభుత్వ గృహంలో ఉంటుంది, తల్లి తన ఊళ్ళో ఉంటుంది, దత్తత కోరే దంపతులు దరఖాస్తు వరసలో ఉంటారు, ముగ్గురిలో ఎవరూ ఇంకా ఏమీ పోగొట్టుకోలేదు. తల్లి వెనక్కు రావడానికి బస్సు చార్జీ ఎవరిస్తారు, ఆమెకు గడువు ఉందన్న సంగతి చదివి వినిపించింది ఎవరు, వినిపించినది ఆమెకు వచ్చిన భాషలోనేనా అన్నవి చట్టంలో ఖాళీగా ఉన్న గడులు. ‘మట్టిమనిషి’ భూమి దస్తావేజును చదివినంత ఓపికగా ఈ పత్రాన్ని చదవవలసిన పని తెలుగు నవల ముందు ఇంకా అలాగే ఉంది.